ఉద్దానంలో ఫార్మాట్ కొట్టని లాప్‌టాప్

కరోనా తగ్గుముఖం పట్టిన మరుసటి వేసవిలో నన్ను విశాఖపట్నం నుంచి టెక్కలికి వేశారు. హోదా సీనియర్ సిస్టమ్స్ ఇంజినీరు. పేరు ఘనంగానే ఉంటుంది గాని, మా కంపెనీ నిర్వహణ కాంట్రాక్టు తీసుకున్న ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో కంప్యూటరు మొరాయిస్తే వెళ్ళి చూడడమే పని. టెక్కలి నుంచి పలాస, మందస మీదుగా ఉద్దానం తీరం దాకా నా పరిధి. నా పైన రీజనల్ మేనేజరు, ఆయన విశాఖలో ఉండేవాడు. మా వృత్తిలో ప్రతి ఫిర్యాదునూ ‘కాల్’ అంటారు. కాల్ ఎంత తొందరగా మూస్తే అంత సమర్థుడి కింద లెక్క. యంత్రం ముందున్న మనిషి పని జరిగిందా లేదా అన్నది ఎవరికీ పట్టదు. ఈ పద్ధతంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంటే.

పలాస అవతల ఒక డయాలసిస్ కేంద్రం ఉండేది. ఊరి పేరూ నడిపే సంస్థ పేరూ రాయను. ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి నేను కొత్తగా చెప్పనక్కర్లేదు. రక్తం శుభ్రం చేసే యంత్రానికి నాలుగేసి గంటలు ఒళ్ళప్పగించి, వంతు ప్రకారం మళ్ళీ వచ్చి పడుకునేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఆ కేంద్రంలో ఒక నియమం ఉండేది. రోగి వేలిముద్ర లాప్‌టాప్‌లో పడితేనే మంచం. వేలిముద్ర లేకపోతే ఆ పూట బిల్లు పాసవదు, కాబట్టి యంత్రం తిప్పకూడదు. ఏ మహానుభావుడు రాశాడో గాని, ఏసీ గదిలోనే రాసి ఉంటాడు.

ఒక ఉదయం అక్కణ్ణుంచి కాల్ వచ్చింది. లాప్‌టాప్ తెరుచుకోవడం లేదట, అదీ ముందురోజు నుంచి. ముందురోజు మా మేనేజరే ఫోనులో ఏదో చెప్పి సర్దబోయాడట. నేను వెళ్ళేసరికి వరండా బెంచీ మీద ఎర్రయ్య అనే మత్స్యకారుడు గోడకు చేరగిలబడి ఉన్నాడు. కాళ్ళు, ముఖం పొంగి ఉన్నాయి. మాట పూర్తిచేయలేక మధ్యలో ఆగి ఊపిరి లాక్కుంటున్నాడు. ముందురోజు అతని వంతు ఈ లాప్‌టాప్ వల్లే పోయింది. అతని భార్య పోలమ్మ నన్ను చూడగానే లేచి నిలబడింది.

“నువ్వేనా బాబూ కంపూటరు బాగుసేసీవోడివి? నిన్న రమ్మన్నారు, వొచ్చినాం. సిస్టం నేదు, రేపు రండన్నారు. ఈయాల మల్లీ అదే మాట. ఈ మనిసికి ఊపిరి ఆడతన్నాదా, సూడు. మిసను బాగానే ఉన్నాది, మంచం కాళీగానే ఉన్నాది. మరేటి అడ్డం?”

గబగబా లోపలికి నడిచాను. లోపల డయాలసిస్ టెక్నీషియన్ సుగుణ యంత్రానికి గొట్టాలన్నీ అమర్చి సిద్ధంగా ఉంచింది. ముందు మనిషిని మంచం ఎక్కించమ్మా, వేలిముద్ర తర్వాత వేయించుకోవచ్చు అన్నాను. వేరే కేంద్రంలో ఒకామె అలా చేస్తే ఉద్యోగం ఊడినంత పనయిందని, తనవల్ల కాదని తల దించుకుంది. ఆమె మీద కోపం రాలేదు. ఆమెను అలా భయపెట్టి ఉంచినవాళ్ళ మీద వచ్చింది.

ఆపరేటర్ భాస్కరరావు మందస నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు, పెళ్ళాం పిల్లలున్న మనిషి. అతను అప్పటికే లాప్‌టాప్‌కి పెన్‌డ్రైవ్ తగిలించి కూర్చున్నాడు. డిస్కులో ఉన్నదంతా చెరిపేసి కొత్తగా వేయమంటారా అని తెర అడుగుతోంది. ఇంకొక్క మీట నొక్కితే అయిపోయేది. “ఆగవయ్యా!” అని అరిచాను.

“మేనేజరుగారు ఫార్మాట్ కొట్టీమన్నారు సార్” అన్నాడు అతను, బిక్కచచ్చిపోయి.

ఫార్మాట్! మా వాళ్ళకు వచ్చిన ఒకే ఒక్క వైద్యం. జబ్బేమిటో చూడరు, రోగిని తీసేసి కొత్త మనిషిని పెడతారు. మేనేజరుకి ఫోను చేసి అడిగాను. ఫార్మాట్ కొడితే వేలిముద్ర పరికరం రిజిస్ట్రేషను కూడా పోతుంది, మళ్ళీ హైదరాబాదు నుంచి అనుమతి రావాలి, అది ఈ రోజు వచ్చేది కాదు, బయట మనిషి ఊపిరాడక కూర్చున్నాడు అన్నాను. ఆయన నింపాదిగా, రిజిస్ట్రేషను మన పరిధి కాదని, అది వాళ్ళ తలనొప్పి అని, మన కాల్ మూసేయమని చెప్పాడు. ఫోను పెట్టేశాను. పెన్‌డ్రైవ్ పీకి జేబులో వేసుకున్నాను. ఉద్యోగంలో పైవాడి మాట అంత బాహాటంగా కాదనడం నాకు అలవాటు లేదు. ఆ రోజు మాత్రం సిగ్గూ భయమూ ఏమీ వేయలేదు.

ఆ లాప్‌టాప్‌లో ఉన్నది లినక్స్. ఆసక్తి ఉన్నవాళ్ళ కోసం కాస్త వివరిస్తాను. కింద అసలు వ్యవస్థ ఉంటుంది. దాని మీద తెరపై బొమ్మలు గీసే ప్రోగ్రాము, ఆపైన మనం నొక్కే గుర్తులుండే డెస్క్‌టాప్. పైది లేవకపోతే కిందది చచ్చినట్టు కాదు. వీధి తలుపు బిగుసుకుపోతే ఎవరూ ఇల్లు కూలగొట్టుకోరు, పెరటి తలుపు చూస్తారు.

మామూలుగా ఆన్ చేస్తే పాస్‌వర్డు అడిగే తెర వచ్చింది. కావాలనే తప్పు పాస్‌వర్డు కొట్టాను, తప్పంది. సరైనది కొట్టాను. తెర ఒక్కసారి నల్లబడి, మళ్ళీ పాస్‌వర్డు దగ్గరికే వచ్చింది. అంటే పాస్‌వర్డు తీసుకుంటోంది, డెస్క్‌టాప్ లేవబోయి పడిపోతోంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్-త్రీ మీటలు కలిపి నొక్కితే బొమ్మలు లేని, అక్షరాలు మాత్రమే ఉండే తెర వచ్చింది. మా పెరటి తలుపు అదే. అక్కడ అదే పాస్‌వర్డుతో నిక్షేపంగా లోపలికి వెళ్ళాను. యంత్రం తనకు జరిగినవన్నీ రాసి పెట్టుకునే చోటు ఒకటుంటుంది, దాన్ని లాగ్ అంటాం. తెరిచి చూస్తే కారణం కంటికి ఎదురుగానే ఉంది. డిస్కులో చోటు లేదు. లోపలికి వెళ్ళిన ప్రతిసారీ డెస్క్‌టాప్ ఒక చిన్న ఫైలు రాసుకోవాలి. ఆ కాస్త రాయడానికి కూడా చోటు లేక వెనక్కి వచ్చేస్తోంది. ఇంతే! ముందురోజు నుంచి ఒక్కరూ దాన్ని ఏమైందని అడిగిన పాపాన పోలేదు.

మరి చోటంతా ఏం తినేసింది? చూస్తే అన్నీ వీడియోలు. భాస్కరరావు ముఖం పాలిపోయింది.

“సినిమాలా?” అన్నాను.

“కాదు సార్. అమ్మవారి పండగలు. నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి కదా సార్, గోడ మీది టీవీకి వైరు పెట్టి, ఫోన్లలో వాళ్ళు తీసుకున్న తప్పెటగుళ్ళు, అదే సార్, గుండెకి రేకు తప్పెట కట్టుకుని వాయిస్తా ఎగురుతారు కదా, అయి వేత్తన్నాను. ఒక ఊరిది వేస్తే ఇంకో ఊరోళ్ళు ఊరుకోరు సార్. ఎవరి ఊరిది వాళ్ళకే కావాలి.”

తలుపు దగ్గర నిలబడ్డ పోలమ్మ, ఆ కంగారులోనే, “మరి కాదా బాబూ? ఆల గుళ్ళు మాకెందుకు? మావోల్లు ఎగిరితే సూడాల!” అంది. సుగుణ నవ్వు ఆపుకోలేకపోయింది.

చోటు తక్కువైందని లాప్‌టాప్ ముందే హెచ్చరించిందట. అప్పుడు పాత వీడియోలు కొన్ని తీసేశానన్నాడు భాస్కరరావు. తీశాడు, నిజమే. కాని డెస్క్‌టాప్‌లో తీసినవి చెత్తబుట్టలోకి పోతాయి గాని డిస్కులోంచి పోవు, బుట్ట ఖాళీ చేసేదాకా చోటు ఆక్రమించే ఉంటాయి. ఆ మాట అతనికి ఎవరూ నేర్పలేదు. బుట్టలో ఉన్నవన్నీ అతను తీసేయదలచినవేనని అడిగి రూఢి చేసుకున్నాను. ఆ బుట్ట ఒక్కటే అక్షరాల తెర నుంచి ఖాళీ చేశాను, మిగతావి ముట్టుకోలేదు. చోటు వచ్చిందో లేదో మళ్ళీ చూసుకుని, వెనక్కి వచ్చి పాస్‌వర్డు కొట్టాను. డెస్క్‌టాప్ తెరుచుకుంది. వేలిముద్ర పరికరం చెక్కుచెదరలేదు.

అప్పటికీ కథ ముగియలేదు. ఎర్రయ్య వేళ్ళు వలతాళ్ళు లాగి లాగి అరిగిపోయి ఉన్నాయి, పైగా వాపు. పరికరం బొటనవేలు తీసుకోలేదు, చూపుడువేలు తీసుకోలేదు. నిలబడలేని మనిషిని ఇద్దరం పట్టుకుని ఒక్కొక్క వేలూ గాజు మీద నొక్కించాం. చివరికి ఎడమచేతి చిటికెనవేలు పడింది. సుగుణ అతన్ని మంచం ఎక్కించి సూది పెట్టి యంత్రం తిప్పింది. పోలమ్మ మంచం పక్కన నేల మీద కూలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఎర్రయ్యకు ఊపిరి కాస్త కుదుటపడ్డాక బయటికి వచ్చాను. మేనేజరు ఫోను చేశాడు. కాల్ మూశారా అని అడిగాడు. మూశానన్నాను. ఫార్మాటేనా అన్నాడు. కాదన్నాను. బయట కూర్చున్న మనిషి ఏమయ్యాడని అడగలేదు.

తర్వాత ఒక సర్క్యులర్ వచ్చింది. లాప్‌టాపుల్లో వీడియోలు పెట్టరాదు అని. వేలిముద్ర కోసం రోగిని ఆపరాదని నేను రాసి పంపిన కాగితానికి మాత్రం, ఈ అంశం మన కాంట్రాక్టు పరిధిలోకి రాదు అని జవాబు వచ్చింది.

నేను రిటైరయిన తర్వాత భాస్కరరావు ఒకసారి ఫోను చేశాడు. లాప్‌టాప్ మళ్ళీ తెరుచుకోవడం లేదు, ఈసారి కారణం వేరు. అక్షరాల తెరకు తానే వెళ్ళి లాగ్ చదివి వినిపించాడు, ఏం చెయ్యాలో చెప్పాను. మరి రోగుల సంగతేమిటని అడిగాను.

“సుగుణ ముందే ఎక్కించీసింది సార్. వేలిముద్ర తర్వాతే అంటంది. కిందటి నెల దీనికే మెమో ఇచ్చారు. ఐనా అంతే.”

ఉద్యోగ జీవితంలో ఈ ఒక్క ఉదంతం నుంచి నేను నేర్చుకున్నవి రెండు. తెర లేవకపోతే ముందు లాగ్ చదవాలి, కారణం తెలియకుండా దేన్నీ చెరపకూడదు. ఇది ఏ ఇంజినీరుకైనా పనికొస్తుంది. రెండోది, లాప్‌టాప్ బాగుచేయడానికి నాకు పూట పట్టినా పరవాలేదు, అంతసేపూ ఎర్రయ్య మాత్రం మంచం మీదే ఉండి ఉండాల్సింది. వేలిముద్ర పడితేనే మంచం అన్న నియమం ఈరోజుకీ మారలేదు.