అవ్వ బిడ్డకు జాగ లేని కుర్చీ

ఈ రోజు జనగామల మా పళ్ల దవాఖానకు కొత్త కుర్చీ అమ్మెటాయన వచ్చిండు. సామాన్ల ట్రే కుడిదిక్కా, నర్సు స్టూలు ఎడమదిక్కా అని ఆయన పుస్తకంల బొమ్మలు చూసి చూసి నా తలకాయ తిరిగింది. ఇంతల జఫర్‌గఢ్ నుంచి ఒక అవ్వ పన్ను పీకించుకునెటందుకు వచ్చి పాత కుర్చీల పండుకున్నది. ఆమె బిడ్డ అవ్వ చెయ్యి పట్టుకొని సరిగ్గా నర్సు జాగలనే నిలబడ్డది.

"అక్కా, జర బయట కూసోండి. అక్కడ నర్సు ఉండాలె" అన్నడాయన.

"నర్సునే బయట కూసోమను నాయినా. నా బిడ్డ చెయ్యి ఇడిస్తే నేను నోరు తెరువ" అన్నది అవ్వ.

ఆయన బొమ్మల పుస్తకం మొత్తం తిరగేసి, "మేడం, బిడ్డకు జాగ ఏ మోడల్‌లనూ లేదు" అన్నడు.

పన్నైతే పీకిన గని, కుర్చీ సంగతి తేలలే. మీ అమ్మను పళ్ల దవాఖానకు తోల్కొచ్చినప్పుడు మీరు ఏ దిక్కు నిలబడ్తరో జర చెప్పుండ్రి. తనెక్కడ నిలబడాలెనో మా నర్సు అడుగుతున్నది.