తాడు మీద రెండోవాడు

సరిహద్దు పోస్టుకి చేరింది అక్టోబరు మొదటివారం, మధ్యాహ్నం రెండింటికి. పదహారు వేల అడుగుల ఎత్తు. వీపు మీద ఇరవై కిలోలు. గాలికి నిలబడలేక కూలబడ్డాను. సెక్షన్ కమాండర్ అన్న మొదటి మాట: "మాట్లాడకు. ముందు ఊపిరి పీల్చుకో."

మా సెక్షన్‌లో పదిమందిమి. పైన ఇంకో పోస్టు, అక్కడ ఇంకో సెక్షన్. రోజూ ఉదయం ఆరింటికి చెరోవైపు నించి మంచు తవ్వి దారి తీసేవాళ్ళం. మధ్యలో ఎర్రజెండా. ముందు చేరినవాళ్ళు రేడియోలో ఎగతాళి చేసేవారు. "టీ పెట్టమంటారా? మీరొచ్చేసరికి చల్లారిపోద్దేమో!" పైవాళ్ళతో పోటీ. మాలో మాకు మాత్రం గ్లవ్స్ కూడా పంచుకునేంత పొత్తు.

నేను తప్ప. తాడు కట్టుకుని నడిచే వరసలో ముందు నన్నే పెడతారనుకున్నాను. సర్వీసులో ఏడాది పెద్దవాణ్ణి. పెట్టింది శ్రీకాకుళం జవానుని, వాడి వెనక నన్ను. అక్కడ తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. "అన్నా" అని పిలిచేవాడు. ఆ పిలుపంటేనే కంపరం నాకు. గెలిచిన ప్రతిరోజూ పేరు వాడికే. ఆ గెలుపు నాకు గొంతు దిగేది కాదు.

డిసెంబరులో ఒక సాయంత్రం తిరిగొస్తూ, పైకెళ్ళేటప్పుడు ఎడంపక్కకొచ్చే చోట మంచులో పగులు చూశాను. పైకి జానెడే వెడల్పు, కింద చీకటి. ఎవరికీ చెప్పలేదు. తెల్లారేసరికి కొత్త మంచు కప్పేసింది. ఆరూ నలభైకి వాడు అక్కడే ఆగాడు.

"ఎడంపక్క నించి ఎల్తే పది నిమిషాలు కలిసొత్తాది. ఏటంటావన్నా?"

"ముందున్నది నువ్వు కదా. నీ ఇష్టం."

నాలుగడుగులు వేశాడు. ఐదో అడుగుకి మనిషి లేడు. తాడు నన్ను బోర్లా పడేసి ఈడ్చింది. ఐస్ యాక్స్ మంచులో దించి దానిమీద పడుకున్నాను. వెనకవాళ్ళు నా కాళ్ళు పట్టుకున్నారు. పై సెక్షన్‌వాళ్ళు పారలు పారేసి, జెండా దాటి పరిగెత్తుకొచ్చారు. నిన్నటిదాకా ఎగతాళి చేసినవాళ్ళే. అందరూ కలిసి ఇరవై నిమిషాలు లాగారు.

"పగులు ఎవరూ చూళ్ళేదా?" అన్నాడు కమాండర్.

నేను నడుముకున్న తాడు ముడి విప్పడం మొదలెట్టాను.

తాడు వదలనందుకు మెచ్చుకోలు పత్రం నాకొచ్చింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది వాడే. అప్పుడు కూడా కుళ్ళుకున్నాను, ఇంకొకడి కోసం అలా కొట్టడం నాకెందుకు చేతకాదని.

ఏప్రిల్‌లో సెలవు మీద టాటానగర్‌లో రైలు దిగాను. తాతల నాడే వలసొచ్చి ఉండిపోయిన బాగ్‌బేరాలో మా ఇంటి నిండా జనం. "ఏట్రా, తోటోణ్ణి పైకి లాగీసినావంట?" అన్నాడు మావయ్య. "పాపా నే బచాయా", నాన్నే కాపాడాడని నా కూతురు వచ్చినవాళ్ళందరికీ హిందీలో చెప్పుకుంది. నేను కాదనలేదు. ఇన్నాళ్ళకి మీతో కాదంటున్నాను.

పగుల్లోంచి వాడి తల బయటికొచ్చిన క్షణం నన్ను వదల్లేదు. కనురెప్పల నిండా మంచు. పెదవి చిట్లి నెత్తురు. చుట్టూ అంతమంది ఉన్నా వాడి కళ్ళు నా కోసమే వెతికాయి. నేను కనపడ్డాక నవ్వాడు.