ఎడమచేతి పూలముడి

దయ్యాల మాటెత్తితే నాకు చిర్రెత్తుకొస్తుంది. కరెంటాఫీసులో లైన్‌మాన్‌గా చేసి రిటైరైనవాణ్ణి. వానలో, చీకట్లో, శ్మశానం పక్కనున్న స్తంభాలెక్కాను. ఏనాడూ ఏదీ కనపడలేదు. ఇది మాత్రం జరిగింది. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది చింతామణి. అరవై దాటాక నాకు పరుగు పిచ్చి పట్టింది. చిక్కబళ్ళాపురం దగ్గర జరిగే యాభై కిలోమీటర్ల పోటీలో రెండుసార్లు టైము దాటిపోయి ఉత్తచేతులతో వచ్చాను. ఈసారీ అంతే అయితే షూలు అటకెక్కిస్తానని ఇంట్లో మాటిచ్చాను. ఇచ్చాక దిగులు పట్టుకుంది. పరుగు మానేస్తే నేను ఉత్త ముసలాణ్ణే కదా.

మా అక్క మాతోనే ఉంటుంది. బతుకంతా పూలు కట్టి అమ్మింది. నాకు నడుం వంగదని, దూరం పరుగెత్తే రోజు తనే నా లేసులు కట్టేది, పూలు కట్టే ముడితో. "కుక్క తరమకుండానే పరిగెత్తేవాణ్ణి నిన్నే చూస్తాండానప్పా" అని నవ్వేది. ఆమెది ఎడమచేతి వాటం. మెలిక అందరిదానికీ తిరగబడి పడుతుంది. ఆ ముడి ఒక్కసారీ జారలేదు.

పోయినేడు పక్షవాతమొచ్చి ఆమెకు ఆ ఎడమచెయ్యే పడిపోయింది.

పోటీ రోజు లేసులు నేనే ఎట్లాగో కట్టుకున్నాను. మధ్యాహ్నం దాటింది. ఇంకో ఐదారు కిలోమీటర్లుందనగా కుడి లేసు ఊడింది. వంగబోతే రెండు పిక్కలూ పట్టేశాయి. రోడ్డు పక్క మోరీ గట్టు మీద కూలబడ్డాను. చెయ్యి షూ దాకా అందలేదు. ముందూ వెనకా నరమానవుడు లేడు. ద్రాక్షతోటలు, ఎండ, అంతే. "అయిపోయిందిరా నీ పని" అనుకొని కళ్ళు మూసుకున్నాను. దాచడమెందుకు, ఏడ్చాను.

పాదం మీద షూ బిగుసుకుంటున్నట్టు అనిపించింది. కాలు వాచిందేమో అనుకున్నాను. కాసేపటికి పిక్కలు సడలాయి. టైము గుర్తొచ్చి, లేసు సంగతే మరిచి లేచి పరిగెత్తాను. గడువు ముగిసేలోపే గీత దాటాను.

అక్కడ మా ఇంటామె నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, షూ విప్పబోయి ఆగిపోయింది.

"ఇది ఎవురు కట్టినారు మీకు? వదినె ముడి కదా!"

ఎడమ షూకు నేను కట్టిన ముడే ఉంది. కుడిదానికి పూలముడి, తిరగబడిన మెలికతో. మా ఇంటామెకు కూడా ఆ మెలిక వేయడం రాదు. విప్పొద్దన్నాను. ఆ షూతోనే ఇంటికొచ్చాను.

అక్క మంచం మీద ఉంది. మేమెవరికీ ఫోను చేయలేదు, ఏమీ చెప్పలేదు. నేను నోరు తెరవకముందే, పక్షవాతంతో ముద్దముద్దగా వచ్చే మాటలతో విసుక్కుంది.

"దారం అంత లావుంటే ఎట్ల కట్టేదప్పా? వేళ్ళు కోసుకుపోయినాయి."

పడిపోయిన ఆ చేతివేళ్ళ మీద ఎర్రటి గీతలున్నాయి. చెయ్యి మాత్రం ఎప్పటిలాగే దుప్పటి మీద కదలకుండా పడి ఉంది.

నిద్రలో చీర అంచు ఒత్తుకొని ఉంటుందన్నాడు డాక్టరు. కావచ్చు. మరి ముడి? ఎన్నిసార్లు ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. అక్కనడిగితే ఆ మాట అన్నట్టే గుర్తులేదంటుంది.

ఆ షూ అట్లాగే ఉంచి కొత్తవి కొన్నాను. పరుగుకు పోయే రోజు తెల్లవారగానే వాటిని వేసుకొని, ఆమె మంచం పక్కన కాలు చాపి కూర్చుంటాను. ఇద్దరం ఆ చేతివైపే చూస్తాం. అది కదలదు. తర్వాత నేనే కట్టుకుంటాను.