బల్ల మీద వాచీ

నరసరావుపేట కాలేజీలో మా ల్యాబ్ మేడమ్‌కి ఒక అలవాటు ఉండేది. ఏ వర్చువల్ మెషీన్, అంటే సర్వర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్, హ్యాంగైనా ముందు చేతి వాచీ తీసి స్క్రీన్ పక్కన పెట్టేవారు. స్క్రీన్ మీద కనిపించే మెషీన్ లోపలి గడియారం వాచీతో కలిసి నడుస్తోందో లేదో చూసేదాకా ఎవర్నీ కీబోర్డు ముట్టనిచ్చేవారు కాదు. మాకది వట్టి చాదస్తం.

మా మెషీన్లన్నీ మూలనున్న ఒకే సర్వర్ మీద నడిచేవి. చివరి ప్రాక్టికల్ పరీక్ష రోజున అన్నీ ఒక్కసారే బిగుసుకుపోయాయి. నా పక్కనున్న మాచర్ల అమ్మాయి ఏడుపు మొహంతో రీస్టార్ట్ నొక్కబోయింది.

"ఏమే, చెయ్యి తియ్! రాసిందంతా పోద్ది," అని మేడమ్ కసిరారు. వాచీ తీసి పక్కన పెట్టారు. లోపలి గడియారం ఆగి ఆగి కదులుతోంది.

"చావలేదులే. సర్వర్ మీద చానా బరువు పడింది," అంటూ వెళ్లి, దానిమీద నడుస్తున్న ఆఫీసు పనులు ఆపేశారు.

స్క్రీన్లు కదిలాయి. లోపలి గడియారాలు మాత్రం బాగా వెనకబడ్డాయి. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ గోడ గడియారం చూశాడు.

"టైమైపోయింది మేడమ్. అవి సరిచేసి పరీక్ష ముగించండి."

"ఇప్పుడే సరిచెయ్యను సార్. మెషీన్ పనిచేసినంతసేపే ఆ గడియారం నడిచింది. పిల్లలకు దొరికిన టైము అదే."

ఆయన మొహం ముడుచుకుని కూర్చున్నాడు. లోపలి గడియారాల లెక్కన టైమయ్యేదాకా మేం రాశాం. చివరికి మాచర్ల అమ్మాయి సబ్మిట్ నొక్కి లేచింది. అప్పుడు మేడమ్ గడియారాలన్నీ సరిచేసి, బల్ల మీది వాచీ చేతికి పెట్టుకున్నారు.

"ఇప్పుడైంది సార్, టైము."