చిన్నమ్మ చేతులెందుకు పగల్లేదు?

మా చిన్నప్పుడు... పొద్దున సంగటి తిని లేవగానే ఇంటి కోడళ్ళు వరసగా నిలబడి అరచేతులు చాపాలి. మా జేజి, అంటే నాయనమ్మ, ఒక్కొక్కరి వేళ్ళూ తడిమి చూసేది.

మాది మైదుకూరు దగ్గర మగ్గాల ఊరు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఇంట్లో నాలుగు మగ్గాలు, పద్దెనిమిది మంది మనుషులు. సంగటి చట్టి, కంచు తట్టలు, ఇత్తడి చెంబులు... పూటపూటకీ ఒక గుట్ట. అంట్లు అని మేం అనం, బోకులు అంటాం. బూడిద, చింతపండు పిప్పి వేసి రుద్దీ రుద్దీ వేళ్ళు పగిలిపోయేవి. పగిలిన వేలు సన్నదారానికి తగిలితే పోగు రేగిపోతుంది. అందుకే జేజి ఒకటే చట్టం పెట్టింది... బోకులు తోమే చెయ్యి దారం ముట్టకూడదు.

ఆ ఏడు బోకుల పని మా చిన్నమ్మ మీద పడింది. చిన్నాయన భార్య, కొత్తగా కాపురానికి వచ్చింది. తెగిన పోగును ఎక్కడ అతికిందో కనపడకుండా అతికేంత పనిమంతురాలు. అయితేనేం, కొత్త కోడలు కదా... బూడిద ఆమెకే వచ్చింది.

నెల గడిచింది. బోకులు రెండు పూటలా తళతళలాడుతున్నాయి. చిన్నమ్మ చేతులు మాత్రం వెన్నముద్దల్లా ఉన్నాయి. అంతకు ముందు ఏడాది తోమిన మా అమ్మ చేతుల బీటలు అప్పటికీ మానలేదు.

ఇంకేముంది, జేజికి అనుమానం. ఆమెకు అనుమానం కొత్త కాదు లెండి... కవ్వం చప్పుడు కాస్త తగ్గినా వెన్న ఎవరో తింటున్నారనేది. నాకూ ఆ గుణమే వచ్చిందంటారు మా ఇంట్లో. అననీ.

నన్ను పక్కకు పిలిచి గుసగుసగా చెప్పింది. "పాపా, నెల దినాలు బూడిదలో పెట్టిన చేతులా అవి? ఎవుర్తినో పిలిపించి తోమిస్తాంది. ఊరికే తోముతారా ఎవురన్నా? మనింటి గింజలు గోడ దాటుతాండాయి. నువ్వు పోయి కనుక్కోని రా. నిజమని తేలిందంటే శుక్రవారం వాళ్ళన్న వస్తాడు, ఆ బండిలోనే పుట్టింటికి తోలేస్తా."

ఏడేళ్ళదాన్ని. కాళ్ళ పట్టీలు విప్పి రొంటిన దోపుకుని, పిల్లిలా గొడ్లకొట్టం వెనక్కి పోయాను.

అక్కడ జేజినాయన... మా తాత. కళ్ళకు పొర కమ్మి మగ్గం దిగి రెండేళ్ళయింది. పొద్దస్తమానం అరుగు మీద గోడకు ఆనుకుని, ఎవరితోనూ పలక్కుండా కూర్చునే మనిషి. ఆయన గొంతుకూర్చుని సంగటి చట్టి రుద్దుతున్నాడు. చిన్నమ్మ నీళ్ళు పోస్తోంది.

"పట్టీలు తీస్తే మాత్రం నీ అడుగు నాకు తెల్దా పాపా" అన్నాడు తల ఎత్తకుండానే.

చిన్నమ్మ గబుక్కున ఆయన చేతిలోని చట్టి లాక్కోబోయింది. మామ చేత బోకులు తోమించిందని బయటపడితే ఊరంతా ఉమ్మేస్తుంది. దాని ముందు గింజల దొంగతనం ఏపాటి...

"ఆ పిల్ల వద్దనే అనింది, నేనే ఇనలేదు" అన్నాడు జేజినాయన. "కండ్లు లేకుండా చేసే పని నాకు ఇదొక్కటే ఉండాది. ఇది కూడా తీసేస్తే పొద్దు యెట్ల పోవాల నాకు?"

నాకు ఏడుపొచ్చింది. తిరిగొచ్చి జేజికి అబద్ధం చెప్పాను. "చిన్నమ్మే తోముతాంది జేజీ. చేతులకు ఆముదం పూసుకుంటాంది."

జేజి నా ముఖంలోకి చూసింది. "ఆముదమా... వాసన రాలేదే నాకు" అంది. నమ్మలేదని అప్పుడే తెలిసిపోయింది.

శుక్రవారం చిన్నమ్మ అన్న రానే వచ్చాడు. వాకిట్లో ఎడ్లు విప్పి, తిని, నడుం వాల్చాడు. చిన్నమ్మ బోకుల గంప ఎత్తుకుని వెనక్కి పోయింది. కాసేపటికి జేజి లేచింది. ఆమె వెనకాలే నేను.

కొట్టం మూల దగ్గర జేజి ఆగిపోయింది. చెంబుల చప్పుడులో మా అడుగులు జేజినాయనకు వినపడినట్టు లేదు. ఏదో చెబుతూ నవ్వుతున్నాడు. మగ్గం దిగినాక జేజినాయన నవ్వు మేమెవరమూ వినలేదు.

జేజి నా వైపు తిరిగి నోటి మీద వేలు పెట్టింది. వచ్చిన దారినే ఇంట్లోకి పోయింది.

"నువ్వు పోయిరా నాయనా" అంది సాయంత్రం చిన్నమ్మ అన్నతో. "నీ చెల్లెలికి ఈడ శానా పని ఉండాది. రేపట్నించి దారం మీద కూచోవాల."

బోకుల సంగతి ఎవరూ అడగలేదు, జేజి అడగనివ్వలేదు. జేజినాయనకు నీళ్ళు పోసే పని నాకొచ్చింది. చిన్నమ్మయితే "ఈడ ఇంకొంచెం మామా" అని చెప్పి రుద్దించేదట. నాకు అంత చేతనయ్యేది కాదు... చట్టి అడుగున మసి, అంచున సంగటి అట్లాగే ఉండిపోయేవి.

ఆయన అరుగు మీదికి పోగానే జేజి వచ్చేది. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, చప్పుడు కాకుండా అన్నీ మళ్ళీ తోమేది. జేజినాయన పోయేదాకా మా ఇంట్లో బోకులు పూటకు రెండుసార్లు తోమారు...

ఇప్పుడు మా ఇంట్లో ఉండేది ముగ్గురం. నాలుగు ప్లేట్లకు ఒక మెషిను. దాన్నీ నమ్మను నేను, గ్లాసు వెలుతురులో పెట్టి చూస్తాను. మచ్చ కూడా ఉండదు... దానికోసం ఎవరూ ఎవరికీ అబద్ధం చెప్పే పని లేదు.

మీ ఇళ్ళల్లో ఎవరు తోమేవాళ్ళు? 'అమ్మే' అని వెంటనే రాసేయకండి... ఒకసారి పెరట్లోకి తొంగిచూసి వచ్చి రాయండి.