కాదనే యుదాన్

ఎవరేమన్నా కాదనడం అద్దకాల యుదాన్‌కు పుట్టుకతో వచ్చిన గుణం. అంతియొకయ పట్నంలో మిట్టమధ్యాహ్నం చెమటలు కక్కుతూ కూడా "ఎండెక్కడుందయ్యా?" అనేవాడు.

క్రైస్తవుడైన పాత చక్రవర్తి యూదులను చెడతిడుతూ శాసనం వేస్తే, యూదులుండే ఆ వీధంతా ఏడ్చింది. యుదాన్ మాత్రం "పాపం, ఎవరో ఎక్కించుంటారు" అన్నాడు. కొత్త చక్రవర్తి క్రీస్తును వదిలి పాత దేవతలకు మొక్కాడు. యూదులను మెచ్చుకుని, యెరూషలేములో కూలిన గుడి మళ్ళీ కట్టిస్తానన్నాడు. వీధంతా గంతులేసింది. యుదాన్ మూతి ముడిచాడు.

"ఇప్పుడేమొచ్చిందయ్యా నీకు?" అంది భార్య మర్తా.

"క్రైస్తవుల మీద కోపంతో మనల్ని మెచ్చుకోవడం, పక్కింటాడి మీద కచ్చతో మన పిల్లాణ్ణి ముద్దాడినట్టుంది! అది ముద్దా, కచ్చా?"

"ముద్దు ముద్దేగా!"

"కాదు!"

ఆ వారమే అతను కొత్త తగువు పెట్టుకున్నాడు. వీధి చివర దోమ్నా అనే క్రైస్తవ వితంతువు రొట్టెలు కాల్చి అమ్మేది. రోజూ పొద్దున్నే వెళ్ళి ఆమె గడపకు అడ్డంగా కూర్చుని, రొట్టె మాడిందని కేకలు.

"మీ ఆచారంలో నా రొట్టె ముట్టరు గదా, బాబాయ్!"

"ముట్టకపోతే? కళ్ళు లేవా నాకు?"

మర్తాకు తల కొట్టేసినట్టయింది. ఓ ఉదయం మొగుణ్ణి ఇంటికి లాక్కొద్దామని వెళ్ళేసరికి, ఆ గడప ముందు దుడ్డుకర్రల పోకిరి మూక. చక్రవర్తికి క్రైస్తవులు గిట్టరని తెలిశాక ఇలాంటి మూకలు అంగళ్ళ మీద పడుతున్నాయి.

"లే తాతా! చక్రవర్తి మీవాడేగా, నిన్నేం చెయ్యం."

"మావాడా? పంది మాంసం మానేశాడా ఏం?"

"లే అంటుంటే!"

"నా తగువు ముందు మొదలైంది. ఇది తేలాకే మీది. నువ్వు చెప్పు, రొట్టె మాడిందా లేదా?"

ఒకడు మాడిందన్నాడు. ఇంకొకడు లేదన్నాడు. యుదాన్ ఇద్దరినీ కాదన్నాడు. మూడోవాడు కర్ర ఎత్తితే, కర్ర వంకరగా ఉందన్నాడు గానీ అంగుళం కదల్లేదు. ఎండ నడినెత్తికెక్కేసరికి వాళ్ళలో వాళ్ళే తిట్టుకుంటూ పోయారు.

లోపల దోమ్నా గోడకు కరుచుకుపోయి ఉంది. మర్తా మొగుడి వైపు తిరిగింది.

"వీళ్ళొస్తారని తెలిసే ఇన్నాళ్ళూ ఇక్కడ కూర్చున్నావా?"

"కాదు!"

అతని 'కాదు'తోనే ఇన్నేళ్ళూ కాపురం చేసిన మనిషి మర్తా.

మర్నాటికి యుదాన్ గొంతు పూర్తిగా పోయింది. అయినా చెప్పులేసుకోబోతుంటే మర్తా చేయి పట్టి కూర్చోబెట్టి, వేణ్ణీళ్ళ గిన్నె చేతికిచ్చింది. తలగుడ్డ బిగించి కట్టుకుని, దోమ్నా గడపలో చతికిలబడి, వీధి మారుమోగేలా అరిచింది.

"ఏమ్మా! ఇది రొట్టా, పెంకా?"

"తినని మీకెందుకు, పిన్నీ?" దోమ్నా నవ్వాపుకుంటూ, అంతకంటే గట్టిగా అరిచింది.