పూజకు ముందు మిగిలిన వార్నింగు

ఎనభైల చివర్లో, అనంతపురంలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు, కంప్యూటర్ గదిలోకి చెప్పులు విప్పి వెళ్లేవాళ్లం. బయట అంతా ఎర్రదుమ్ము. ధర్మవరంలో నాయన ఆయుధపూజకు మగ్గానికి బొట్టు పెట్టినట్టే, మా సార్ కంప్యూటర్‌కు పెట్టేవారు.

ఆ ఏడు పాతదానికి రెండింతలుండే డిస్కు వచ్చింది. పూజ రోజు సీనియర్ల ప్రాజెక్టులన్నీ దాని మీదికి మార్చి, పాతదాన్ని చెరిపేయాలని సార్ నిర్ణయించారు. మేం వాడే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఒక పాఠ్యపుస్తకంతోపాటు ఫ్లాపీల మీద వచ్చింది. సోర్సు కోడ్ అంతా చదివి మార్చుకోవచ్చు. కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కొత్త కంపైలర్‌తో దాని గుండెకాయ లాంటి కెర్నెల్‌ను కంపైల్ చేస్తే, ఇక్కడ తప్పుండొచ్చు చూసుకోమని పేజీల కొద్దీ వార్నింగులు. ఒక్కటి కూడా లేకుండా కాగితం మీద ప్రింటైన లిస్టింగుకు పసుపు రాసి పూజలో పెట్టాలన్నది సార్ పట్టుదల. ఆ పని నాకూ, నాతో చదివే అబ్బాయికీ అప్పగించారు.

చాలావరకు, అంకెలు దాచుకునే అరల్లాంటి వేరియబుల్స్‌లో వాడకుండా వదిలేసినవాటి గురించే. అవన్నీ దిద్దాం. డిస్కు కోడ్‌లో ఒకటి మిగిలింది. డిస్కు మీద ఎక్కడ రాయాలో చెప్పే పెద్ద అంకెను చిన్న వేరియబుల్‌లో పెడుతున్నారని, పట్టక కొంత పోవచ్చని అది చెబుతోంది.

"ఆ అంకె ముందర క్యాస్ట్ అని ఒక ముక్క పెట్టేయ్. మేం తెలిసే చేస్తాండామని చెప్పినట్టు. కంపైలర్ నోరు మూసుకుంటాది," అన్నాడు ఆ అబ్బాయి.

నేను పెట్టలేదు. లిస్టింగు అలాగే సార్ దగ్గరికి వెళ్లింది.

"ఏం పాపా, ఇదొకటి ఎందుకు మిగిలిండాది?"

"క్యాస్ట్ పెడితే కంపైలర్ అడిగేది మానేస్తాది సార్. అంకె మాత్రం పట్టదు."

"ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కదమ్మా?"

"పాత డిస్కు చిన్నది సార్. కొత్తదాంట్లో సగం దాటితే లెక్క మళ్లీ మొదటికొస్తాది. మొదట ఉండేవాటి మీదే రాస్తాది."

"మొదట ఏముంటాయి?"

"సీనియర్ల ప్రాజెక్టులు సార్."

"నోరుండాదే నీకు!" అన్నాడు పక్కనే ఉన్న ఆ అబ్బాయి. సార్ నవ్వలేదు. ఖాళీగా ఉన్న కొత్త డిస్కు మీద ముందు ఒక చిన్న ఫైలు పెట్టమన్నారు. తర్వాత పనికిరాని ఫైళ్లతో నింపుతూ పోయాం. సగం దాటాక మొదటి ఫైలు తెరిచాను. నేను టైపు చేసిన మాటల్లో ఒక్కటీ లేదు.

"పూజ పాతదానికే చేస్తాం," అన్నారు సార్. "దాన్నెవరూ ముట్టుకోవద్దండి."

ఆ వేరియబుల్‌ను పెద్దది చేయగానే, దాన్ని వాడే ప్రతిచోటా కొత్త వార్నింగులు మొదలయ్యాయి. సార్ కుర్చీ నా పక్కకు లాక్కుని లైన్ నంబర్లు చదవసాగారు. ఒక్కొక్కటీ తెరిచి, ఆ అంకె ఎక్కడికి పోతోందో చూస్తూ వెళ్లాను. ఏ లైన్లోనూ క్యాస్ట్ పెట్టేయమని ఆయన అనలేదు.